‘సమాచారం అత్యల్పం’ అని రాసే ముందు

స్నాతకోత్తర విద్యార్థుల సినాప్సిస్‌లలో విభాగం ఏదైనా, పంట ఏదైనా, మారని వాక్యం ఒకటి ఉంటుంది. ఈ అంశంపై మన ప్రాంతంలో సమాచారం అత్యల్పంగా ఉన్నందున ప్రస్తుత పరిశోధన చేపట్టడమైనది అన్నదే ఆ వాక్యం. ఆంగ్లంలో ‘మీగర్’ అనే మాట లేని పరిశోధన గ్రంథాన్ని వెతికి పట్టుకోవడం కష్టమని సలహా సంఘాల్లో కూర్చునే మేము నవ్వుకుంటూ ఉంటాము. నవ్వుకుని సంతకం చేస్తాము. నిజానికి అది ఉపోద్ఘాతంలో అలంకారంగా వాడే వాక్యం కాదు. రుజువు చేయవలసిన ప్రతిపాదన. రెండేళ్ల విద్యార్థి శ్రమ, పరిశోధన క్షేత్రంలో రెండు పంటకాలాల భూమి, చివరికి రైతుకు చేరే సిఫారసు అన్నీ ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉన్నాయి. దాన్ని రుజువు చేయడం నేర్పే చోటు గ్రంథాలయం. ఆ నేర్పడం మన కళాశాలల్లో సరైన సమయంలో, సరైన మనుషుల చేత జరగడం లేదన్నది నా అభిప్రాయం.

కోర్సు లేదని చెప్పలేము. భారత వ్యవసాయ పరిశోధన మండలి పాఠ్యప్రణాళికలో పీజీఎస్ 501 ఉన్నది. పేరు గ్రంథాలయ, సమాచార సేవలు. 0+1 క్రెడిట్, అంటే ఉపన్యాసాలు లేకుండా అంతా ప్రాక్టికలే. ఆ వెంటనే సాంకేతిక రచనకు పీజీఎస్ 502 ఉన్నది. ముందు వెతకడం, చదవడం, ఆ తరువాత రాయడం అన్న ఈ వరుస మెచ్చదగినదే. వర్గీకరణ పద్ధతులు, ప్రాథమిక, ద్వితీయ, తృతీయ సమాచార వనరులు, సారాంశ సేవలు, పూర్వ రచనల సమీక్ష, ఉపప్రమాణాలు చూపే పద్ధతి అన్నీ ఆ పాఠ్యాంశాల్లో ఉన్నాయి. సీడీ-రామ్ డేటాబేసుల ప్రస్తావన కూడా చాలాకాలం కొనసాగిందనుకోండి, అది వేరే సంగతి.

కానీ ఆచరణలో జరిగేది ఏమిటి? మొదటి సెమిస్టరు తొలి వారాల్లో అన్ని విభాగాల విద్యార్థులనూ ఒక్కచోట చేర్చి, సహాయ గ్రంథపాలకులు బీరువాల మధ్య తిప్పి చూపిస్తారు. డ్యూయీ పద్ధతిలో 630 వ్యవసాయమని, 632 చీడపీడలని, 633 క్షేత్ర పంటలని చెబుతారు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి కేటలాగులో ఒక పుస్తకం వెతికిస్తారు. రికార్డు రాయిస్తారు. అప్పటికి ఆ విద్యార్థికి పరిశోధనాంశం లేదు, చాలాసార్లు ప్రధాన సలహాదారు ఎవరో కూడా ఖరారు కాలేదు. ఏమి వెతకాలో తెలియని వానికి వెతకడం నేర్పడం పదును లేని నేలలో విత్తనం వేయడమే. నెలల తరువాత సినాప్సిస్ రాసే వారం వచ్చేసరికి ఆ రికార్డు అటక మీద ఉంటుంది, విద్యార్థి గూగుల్ ముందు ఉంటాడు. ఈ కోర్సు ఫలితం చాలాచోట్ల సగటు గ్రేడులో కలవదు కాబట్టి ఎవరికీ పట్టింపు ఉండదు. ఇది గ్రంథపాలకుల లోపం కాదు. వారికి మనం ఇచ్చిన సమయమే పనికిరానిది.

సరైన సమయంలో నేర్పితే ఏమి నేర్పవచ్చో ఒక ఉదాహరణతో చెబుతాను. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న పైరులోనే మినుము చల్లే పద్ధతి మనకు తెలిసినదే. మాగాణి మినుములో భాస్వరం యాజమాన్యంపై పని చేయదలచిన విద్యార్థి ‘విగ్నా ముంగో’, ‘రైస్ ఫాలో’ అనే రెండు మాటలు కొట్టి వెతుకుతాడు. కొన్ని పత్రాలు వస్తాయి. సమాచారం అత్యల్పం అని రాసుకుంటాడు. ఇప్పుడు ఆ పంటకు పాత పేర్లు చూడండి. పాత తరం శాస్త్రజ్ఞులు దానిని ఫేసియోలస్ ముంగో అని రాశారు. ఇంకా పాత రచనల్లో ఆ పేరే కొన్నిచోట్ల పెసరకు, ఫేసియోలస్ రేడియేటస్ అన్న పేరు మినుముకు వాడారు. కనుక పేరు దొరికినంత మాత్రాన పంట దొరికినట్టు కాదు, వర్ణన చదివి నిర్ధారించుకోవాలి. ఆంగ్లంలో బ్లాక్‌గ్రామ్ అని రాసేవారు కొందరు, అదే మాటను విడదీసి రాసేవారు మరికొందరు, ఉర్ద్‌బీన్ అనేవారు ఇంకొందరు. ఇక పద్ధతి పేరు. మనం వరి మాగాణి అన్నదాన్ని ఛత్తీస్‌గఢ్ వైపు ఉతేరా అంటారు, తూర్పు రాష్ట్రాల్లో పైరా అంటారు, పాఠ్యపుస్తకాలు రిలే పంట అంటాయి. ఈ మాటలు తెలియని విద్యార్థికి తూర్పు భారతంలో జరిగిన పని అంతా కనిపించదు. ఈ పేర్లన్నిటినీ ‘ఆర్’తో ఒక గుత్తిగా, పద్ధతి పేర్లను మరొక గుత్తిగా చేసి, ఆ రెండు గుత్తులను ‘అండ్’తో కలిపితే వచ్చే ఫలితం మొదటి ఫలితానికి పోలికే ఉండదు.

మినుము ఒక్కటే కాదు. సజ్జ పరిశోధన పెన్నిసెటమ్ టైఫాయిడిస్, పెన్నిసెటమ్ అమెరికానమ్, పెన్నిసెటమ్ గ్లాకమ్ అనే మూడు పేర్ల కింద చెదిరి ఉంది. జొన్న ఒకప్పుడు సోర్ఘమ్ వల్గేర్, నేడు సోర్ఘమ్ బైకలర్. కంది పాత రచనల్లో కజానస్ ఇండికస్. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్న తరువాత కొర్ర, సామ, వరిగ, ఊదలపై సినాప్సిస్‌లు వెల్లువెత్తాయి. ఈ పంటలను మన పెద్దలు ‘మైనర్ మిల్లెట్స్’ అన్నారు, ఆ తరువాత ‘స్మాల్ మిల్లెట్స్’ అన్నారు, 2018 నుంచి ప్రభుత్వ పత్రాల్లో ‘న్యూట్రి సీరియల్స్’ అయ్యాయి. చివరి పేరుతో మాత్రమే వెతికిన వానికి ఆ పంటల చరిత్ర నిన్ననే మొదలైనట్టు కనిపిస్తుంది.

ఈ పని ఎవరు నేర్పగలరు? గుత్తులు కట్టడం, నక్షత్ర గుర్తుతో పదాంతాలను తెరిచి ఉంచడం, ఏ డేటాబేసు ఏ సంవత్సరం నుంచి మొదలవుతుందో చూడడం, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి అగ్రిస్‌కూ, క్యాబ్ సారాంశాలకూ భేదమేమిటో చెప్పడం గ్రంథపాలకుని విద్య. ఆ సంస్థే నిర్వహించే అగ్రోవాక్ అనే బహుభాషా పారిభాషిక పదకోశంలో తెలుగుకూ చోటు ఉందని మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? మరోవైపు, ఉతేరా అంటే మన మాగాణి పద్ధతికి దగ్గరిదని, ఫలానా పంటకు ఫలానా పాత పేరు ఉండేదని చెప్పడం సేద్య శాస్త్రజ్ఞుని విద్య. ఈ రెండు విద్యలూ ఒకే మనిషిలో ఉండడం అరుదు. అందుకే గ్రంథపాలకుడు, ప్రధాన సలహాదారు ఒకే బల్ల ముందు, విద్యార్థిని మధ్యలో కూర్చోబెట్టుకుని ఒక పూట గడపాలని నేను అంటాను. ఆ ఒక్క పూట పదహారు ప్రాక్టికళ్ల పెట్టు.

నా సహోద్యోగులు కొందరు ఇక్కడ నొసలు చిట్లిస్తారని తెలుసు. గ్రంథపాలకుడు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగి అన్న భావన మనలో లోతుగా పాతుకుపోయింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అమెరికాలోని ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాల నమూనాను స్వీకరించాము. తొలి సంవత్సరాల్లో కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం సహకారం కూడా లభించింది. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు బాధ్యతలను ఒకే గొడుగు కింద పెట్టడం అక్కడి నుంచి వచ్చినదే. అయితే ఆ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల గ్రంథపాలకులు బోధన సిబ్బందిలో భాగం. ఒక్కో శాస్త్ర విభాగానికి ఒక్కో గ్రంథపాలకుడు అనుబంధంగా ఉండి, ఆ విభాగం తరగతులకు వెళ్లి పాఠం చెబుతాడు. మూడు బాధ్యతలను తెచ్చుకున్నవారం ఈ నాలుగో మనిషిని తెచ్చుకోలేదు. వేతన శ్రేణుల్లో సమానత్వం కాగితం మీద ఉన్నా, సలహా సంఘాల్లో గాని, విభాగ సమావేశాల్లో గాని ఆయనకు కుర్చీ లేదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా పనిచేసి, 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచ సూత్రాలను ప్రకటించిన ఎస్.ఆర్. రంగనాథన్ అంతకు ముందు గణిత ఉపాధ్యాయుడు. ఆ దృష్టి మనకు పరాయిదేమీ కాదు.

పాత సాహిత్యం విషయంలో మరికొంత చెప్పాలి. నంద్యాల పరిశోధన స్థానం 1906లో, అనకాపల్లి 1913లో, మారుటేరు 1925లో మొదలయ్యాయి. 1953 వరకు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండినందున మన నేలల్లో జరిగిన తొలి ప్రయోగాల ఫలితాలు మద్రాసు వ్యవసాయ శాఖ నివేదికల్లో, 1913 నుంచి వెలువడుతున్న మద్రాస్ అగ్రికల్చరల్ జర్నల్‌లో ఉన్నాయి. తెలంగాణ జిల్లాలకు సంబంధించినవి నిజాం ప్రభుత్వ వ్యవసాయ శాఖ నివేదికల్లో ఉన్నాయి. స్థానాల వార్షిక నివేదికలు, అఖిల భారత సమన్వయ పథకాల నివేదికలు, మండల పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాల పత్రాలు ఏ శోధన యంత్రానికీ పూర్తిగా అందవు. కృషికోశ్‌లో పరిశోధన గ్రంథాలు చాలా చేరాయి, అది గొప్ప మేలు. కానీ పురుగు తిన్న అట్టల మధ్య ఉన్న వార్షిక నివేదిక ఎక్కడ ఉందో తెలిసినవాడు గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి ఒక్కడే. ఆయన పదవీ విరమణ చేస్తే ఆ జ్ఞానం కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

పాత చింతకాయ పచ్చడి అని తీసిపారేసేవారికి ఒక మాట. దీర్ఘకాలిక వర్షపాతం, నేల స్వభావం, ఎరువులు లేని కాలపు దిగుబడి వంటివి తెలుసుకోవడానికి ఆ నివేదికలకు ప్రత్యామ్నాయం లేదు. అయితే వాటిని చదవడం కూడా నేర్పవలసినదే. ఎకరాకు పౌండ్లలో ఉన్న అంకెను 1.12తో హెచ్చిస్తే హెక్టారుకు కిలోలు వస్తాయి. అది సులువు. మణుగు దగ్గర జాగ్రత్త కావాలి: మద్రాసు మణుగు 25 పౌండ్లు, అంటే సుమారు 11.3 కిలోలు. ఉత్తరాది నివేదికల్లోని ప్రామాణిక మణుగు సుమారు 37.3 కిలోలు. ఏ మణుగో చూడకుండా మార్చినవాడు దిగుబడిని మూడింతలు చేయగలడు. భాస్వరంలోనూ ఇదే చిక్కు. మనం పి2ఓ5 రూపంలో చెబుతాము, విదేశీ పత్రాలు చాలావరకు మూలక భాస్వరంగా చెబుతాయి. మన 50 కిలోలు వారి లెక్కలో 22 కిలోలే. ఈ తేడా గమనించకుండా రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చిన సమీక్షలు మూల్యాంకనానికి వస్తూనే ఉన్నాయి.

ఇక పద్ధతుల అధ్యాయం. సేద్య విభాగం పరిశోధన గ్రంథం ఏది తెరిచినా లభ్య నత్రజనికి సుబ్బయ్య, ఆసిజా 1956, సేంద్రియ కర్బనానికి వాక్లీ, బ్లాక్ 1934, లభ్య భాస్వరానికి ఓల్సెన్, సహచరులు 1954 అని కనిపిస్తుంది. మౌఖిక పరీక్షలో ఆ పత్రాన్ని చూశావా అని అడిగితే వచ్చే మౌనం నాకు అలవాటైపోయింది. సుబ్బయ్య, ఆసిజాల పత్రం కరెంట్ సైన్స్‌లో వెలువడిన రెండు పుటల రచన. చదవడానికి పావుగంట చాలు. తరతరాలుగా ఒక గ్రంథం నుంచి మరొక గ్రంథానికి నకలు దిగుతూ వస్తున్న ఆ ఉపప్రమాణంలో సంపుటి సంఖ్యో, పుట సంఖ్యో తప్పు పడితే ఆ తప్పు కూడా వారసత్వంగా దిగుతుంది. నష్టం అంకెలతో ఆగదు. వాక్లీ, బ్లాక్ పద్ధతిలో నేలలోని సేంద్రియ కర్బనం అంతా ఆక్సీకరణం చెందదు. సగటున 77 శాతం మాత్రమే లెక్కకు వస్తుందన్న అంచనాతో 1.3 అనే సవరణ గుణకాన్ని వాడుతారు. మూల రచన చదివిన విద్యార్థి తన ప్రయోగశాల ఆ గుణకాన్ని వాడుతున్నదో లేదో అడుగుతాడు. చదవనివాడు అడగడు. అటువంటి ఇద్దరి అంకెలు ఒకే పట్టికలో చేరితే ఒక నేల మరొక నేల కంటే సారవంతమైనదన్న తప్పు నిర్ధారణ సిద్ధమవుతుంది.

ఇక్కడ సారూప్యత తనిఖీ సాఫ్ట్‌వేరు మనకు సాయపడదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనలు 10 శాతం వరకు సారూప్యతకు శిక్ష లేదన్నాయి. దాంతో విద్యార్థుల దృష్టి అంతా ఆ అంకె మీదనే నిలిచింది. మాటలు మార్చి, వాక్యం తిప్పి రాసి శాతం తగ్గించే విద్యలో ఆరితేరారు. ఆ యంత్రం మాటల పోలికను కొలుస్తుంది. మూలాన్ని చదివాడా లేదా అన్నది దానికి తెలియదు.

కృత్రిమ మేధ పరికరాలు వచ్చాక ఈ సమస్య మరో మెట్టు ఎక్కింది. అడిగిన క్షణంలో అవి ఇచ్చే ఉపప్రమాణాల్లో రచయిత పేరు, పత్రిక పేరు, సంపుటి, పుటలు అన్నీ పొందికగా ఉంటాయి, అటువంటి పత్రం మాత్రం లోకంలో ఉండకపోవచ్చు. వాడవద్దని ఆదేశాలు ఇచ్చి లాభం లేదు, వాడుతున్నారు. ప్రతి ఉపప్రమాణాన్నీ పత్రిక సంచికలో గాని, డీఓఐ సంఖ్య ద్వారా గాని తెరిచి చూసే అలవాటు చేయించడమే మార్గం. డబ్బు తీసుకుని సమీక్ష లేకుండా అచ్చువేసే పత్రికలను గుర్తించడం కూడా ఈ అలవాటులో భాగమే. ఈ పనిలో గ్రంథపాలకునికి ఉన్న కన్ను మనలో చాలామందికి లేదు.

వనరులు లేవన్న వాదన ఇక నిలబడదు. 2007లో మొదలైన సెరా కూటమి ద్వారా వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు పత్రికలు అందుతున్నాయి. అందులో లేని పత్రాన్ని వేరే గ్రంథాలయం నుంచి తెప్పించుకునే అభ్యర్థన సదుపాయం కూడా ఉంది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు చేరువ చేసింది. ఇంత పెట్టుబడి పెట్టి, తలుపు ఎలా తీయాలో నేర్పడానికి ఒక్క పూట కేటాయించలేమా?

విస్తరణ శాస్త్రజ్ఞులకు ఈ చర్చతో ఏమి పని అని ఎవరైనా అడగవచ్చు. నా దృష్టిలో వారికే ఎక్కువ పని ఉంది. కృషి విజ్ఞాన కేంద్రంలోనో, ఏరువాక కేంద్రంలోనో పనిచేసే శాస్త్రజ్ఞుడు కళాశాల గ్రంథాలయానికి చాలా దూరంలో ఉంటాడు. మాగాణి మినుములో బంగారుతీగ కమ్ముకున్నదని రైతు మొక్క పట్టుకుని వస్తాడు. ఫలానా మందు పిచికారీ చేశాను, తీగ పోలేదు, పైరు మాడింది అంటాడు. పంటల సరళి పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఏ నేలలో, ఏ రకంతో, విత్తిన ఎన్నో రోజున చేసిన ప్రయోగం నుంచి వచ్చిందో తెలిస్తేనే ఈ పొలంలో ఏమి తప్పిందో చెప్పగలం. విద్యార్థి దశలో మూలానికి వెళ్లడం అలవాటైనవాడు ఆ సాయంత్రమే గ్రంథాలయానికి ఒక అభ్యర్థన పంపుతాడు. అలవాటు లేనివాడు మరొక మందు పేరు చెబుతాడు, దాని ఖర్చు రైతు భరిస్తాడు. కళాశాల గ్రంథాలయం నుంచి ఈ కేంద్రాలకు నెలకొకసారి కొత్త పత్రాల జాబితా పంపే పని ఎవరైనా సహాయ గ్రంథపాలకునికి అప్పగిస్తే అది విస్తరణ సేవగానే లెక్కకు రావాలి, ఆయన వార్షిక పనితీరు నివేదికలో ఆ శీర్షిక కిందనే నమోదు కావాలి.

అధ్యయన మండలి ముందు నేను పెట్టదలచినవి పెద్ద కోరికలు కావు. పీజీఎస్ 501 ప్రాక్టికళ్లలో కనీసం సగాన్ని సినాప్సిస్ సమర్పణకు ముందున్న ఆరు వారాలకు జరపాలి. ఆ తరగతులు విద్యార్థి సొంత అంశం మీదనే నడవాలి. సినాప్సిస్‌కు ఒక పుట శోధన వివరం జత చేయాలి: ఏ డేటాబేసులు చూశారు, ఏ పదాలు ఏ విధంగా కలిపారు, ఏ తేదీన, ఎన్ని పత్రాలు వచ్చాయి, వాటిలో ఎన్ని పూర్తిగా చదివారు, ఏ స్థానం వార్షిక నివేదికలు చేత్తో తిరగేశారు. దాని కింద ప్రధాన సలహాదారుతో పాటు గ్రంథపాలకుడు కూడా సంతకం చేయాలి. చాలా కళాశాలల్లో గ్రంథపాలకుల పోస్టులే ఖాళీగా ఉన్నాయన్న అభ్యంతరం న్యాయమైనదే. అవి భర్తీ అయ్యేవరకు ఉన్న ఒక్కరికీ ప్రతి విద్యార్థితో కూర్చునే తీరిక ఉండదు. అటువంటి చోట అంశాలు దగ్గరగా ఉన్న నలుగురైదుగురు విద్యార్థులను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టవచ్చు. విభాగంలో ఒక అధ్యాపకుడు ఆయన దగ్గర ఈ పని నేర్చుకుని చేయి అందించవచ్చు. ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో ఈ పుటను నింపించి చూశాను. ఒకరి అంశం పూర్తిగా మారిపోయింది, ఎందుకంటే ఆ పని ముప్ఫై ఏళ్ల కిందటే పక్క జిల్లాలో జరిగి ఉంది. మరొకరి సినాప్సిస్‌లో సమాచారం అత్యల్పం అన్న వాక్యం అలాగే ఉండిపోయింది. అయితే ఈసారి దాని కింద పదకొండు వరుసల ఆధారం ఉంది.